పార్టు ఒంటి మీద ఏం రాసుందో చూడండి: ఇంటి ఎస్ప్రెసో మెషిన్ రిపేరు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్నది గాజియా క్లాసిక్ అనే ఎస్ప్రెసో మెషిన్. పై మూత, నీళ్ల ట్యాంకు ముందే తీసి పక్కన పెట్టాను. వెనక కూర్చున్నవాళ్లు మొహమాటపడకుండా ముందుకు రండి, దూరం నుంచి చూస్తే ఇందులో వైర్లు తప్ప ఏమీ కనబడవు. 1991లో వచ్చిన మోడల్ ఇది. మధ్యలో కంపెనీ చేతులు మారింది, స్విచ్చులు మారాయి, స్టీమ్ గొట్టం మారింది కానీ లోపలి కట్టుబడి చాలావరకు అదే. మామూలు పానాలు, స్క్రూడ్రైవర్లతోనే అంతా ఊడి వస్తుంది. అందుకే నేర్చుకోవడానికి దీన్ని తెచ్చాను. మీ ఇంట్లో వేరే మెషిన్ ఉన్నా తర్కం ఒకటే.

అసలు సంగతి మొదటే చెప్పేస్తాను. ఏ కంపెనీ కూడా తన మెషిన్‌లోని అన్ని పార్టులూ తానే చేసుకోదు. ఇదిగో, ఈ పంపు చూడండి. దీని మీద గాజియా అని ఉండదు. ఉల్కా అని ఉంటుంది, ఈపీ5 అని ఉంటుంది, 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 48 వాట్లు అని ఉంటుంది. ఇదే పంపు పదిరకాల బ్రాండ్ల మెషిన్లలో కూర్చుంటుంది. "గాజియా పంపు కావాలి" అని అడిగితే లేదంటారు. "ఉల్కా ఈపీ5, 230 వోల్టులు" అని అడిగితే కాఫీ మెషిన్లు బాగుచేసే ప్రతి చోటా దొరుకుతుంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్లు, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వ్, వేడి మితిమీరితే తెగే థర్మల్ ఫ్యూజ్, రబ్బరు రింగులు, అన్నిటిదీ ఇదే కథ. కాబట్టి మెషిన్ ముందున్న పేరు పక్కన పెట్టి, పార్టు ఒంటి మీద ఏం రాసుందో చదవండి.

విప్పేముందు ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. మన ఇళ్లలో చాలా సాకెట్లలో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటాయి, అప్పుడు స్విచ్ ఆపినా మెషిన్ లోపల కరెంటు ఉంటుంది. తర్వాత స్టీమ్ నాబ్ తిప్పి లోపలి ఒత్తిడి వదిలేయాలి. కనీసం గంట చల్లారనివ్వాలి. ప్రతి వైరు పీకే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి, రెండు కోణాల నుంచి. ఇందులో ఎర్రవైర్లే అరడజను దాకా ఉంటాయి, ఏది ఎక్కడిదో గుర్తుంటుందని అనుకోవద్దు.

ఇప్పుడు నీళ్ల దారి చూద్దాం. ట్యాంకు నుంచి సిలికాన్ గొట్టం పంపులోకి. పంపు నుంచి బాయిలర్‌లోకి. మధ్యలో ఒత్తిడి ఎక్కువైతే నీటిని వెనక్కి ట్యాంకులోకి వదిలే చిన్న వాల్వ్ ఉంటుంది. బాయిలర్ అల్యూమినియంది, సుమారు 100 మి.లీ. పడుతుంది, అంతే. అక్కడి నుంచి రెండు దారులు: ఒకటి స్టీమ్ నాబ్ మీదుగా గొట్టంలోకి, రెండోది సోలెనాయిడ్ వాల్వ్ మీదుగా గ్రూప్‌లోకి, అంటే కాఫీ పొడి నింపిన పిడిని మనం బిగించే చోటికి. ఈ రెండు దారులు ఉండటమే మనకు పెద్ద వరం. నీళ్లు రావట్లేదు అనగానే పంపు కొనేయకండి. ముందు స్టీమ్ నాబ్ తెరిచి పంపు నడపండి. గొట్టంలోంచి ధారగా వస్తూ, గ్రూప్‌లోంచి మాత్రం చుక్కచుక్కగా వస్తోందా? పంపు నిక్షేపంగా ఉంది, వాల్వ్ మూసుకుపోయింది. రెండు చోట్లా రావట్లేదా? అప్పుడు పంపు వైపు చూడాలి. అరనిమిషం పని ఇది. ఇది చేయకుండా పంపు మార్చినవాళ్ల దగ్గర రెండు మంచి పంపులూ, నీళ్లు రాని మెషినూ మిగులుతాయి.

పంపు సంగతి. ఇది తిరిగే మోటారు కాదు. లోపల ఒక ఇనుప పిస్టన్, ఒక స్ప్రింగు, బయట తీగచుట్ట. కరెంటు తరంగంలో సగాన్ని ఒక డయోడ్ ఆపేస్తుంది, మిగతా సగంలో అయస్కాంతం పిస్టన్‌ని లాగుతుంది, స్ప్రింగు తోస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి 50 సార్లు. ఆ గుర్రుమనే చప్పుడు అదే. ఆ చప్పుడే చాలా చెబుతుంది. ఖణఖణమని గట్టిగా మోగుతూ నీళ్లు రాకపోతే పంపులో గాలి చేరింది, లేదా ట్యాంకు సరిగా కూర్చోలేదు, లేదా లోపలికొచ్చే గొట్టానికి చీలిక ఉంది. స్టీమ్ నాబ్ తెరిచి ఇరవై సెకన్లు నడిపితే చాలాసార్లు గాలి బయటికి పోతుంది. నీరసంగా గొణుగుతూ నీళ్లు రాకపోతే పిస్టన్ సున్నంతో పట్టేసింది. అసలు చప్పుడే లేకపోతే కరెంటు అందట్లేదు. అప్పుడు పంపు ఒంటికి ఆనించి క్లిప్పు పెట్టిన చిన్న థర్మల్ కటౌట్ ఉంటుంది, దాన్ని చూడండి. ఈ పంపు ఎడతెరిపి లేకుండా నడవడానికి చేసింది కాదు. రెండు నిమిషాలు నడిస్తే ఒక నిమిషం విశ్రాంతి కావాలి. ట్యాంకులు ట్యాంకులు కడిగేస్తూ ఉంటే వేడెక్కి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. అది చెడిపోవడం కాదు.

ఒక జాగ్రత్త. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి పంపు కొలిచి "కాయిల్ కాలిపోయింది" అని తీర్పు చెప్పకండి. లోపల డయోడ్ ఉంది కాబట్టి మంచి పంపు కూడా తెగినట్టే చూపించవచ్చు. పంపు బయటి గొట్టం ఊడదీసి, కొలత గ్లాసులోకి 30 సెకన్లు కొట్టించండి. అడ్డేమీ లేనప్పుడు నిమిషానికి 650 మి.లీ. తోసే శక్తి దీనికి ఉంది. 30 సెకన్లలో 150 దాటకపోతే పంపుని అనుమానించొచ్చు. కొత్తది కొనేటప్పుడు నీళ్లు బయటికొచ్చే మూతి ప్లాస్టిక్‌దా, ఇత్తడిదా చూసుకోండి. ఉల్కాలో ఈపీ5కి ప్లాస్టిక్, ఈఎక్స్5కి ఇత్తడి. మరమీద టెఫ్లాన్ టేపు మూడు చుట్లు చాలు, మర బిగిసే దిక్కులోనే చుట్టాలి. మొదటి మరని వదిలేసి చుట్టండి. టేపు పీలిక ఒక్కటి లోపలికి జారిందంటే నేరుగా సోలెనాయిడ్ రంధ్రానికే పోయి కూర్చుంటుంది.

ఆ సోలెనాయిడే ఈ మెషిన్‌లో అసలు కిటుకు. కాఫీ దిగేటప్పుడు బాయిలర్‌కీ గ్రూప్‌కీ దారి తెరుస్తుంది. స్విచ్ ఆపగానే ఆ దారి మూసి, పొడి మీద మిగిలిన ఒత్తిడిని వెనక గొట్టంలోంచి కింది ట్రేలోకి వదులుతుంది. పుస్స్‌మని వినబడేది అదే. ఆ పుస్స్ ఆగిపోయిన రోజు వాల్వ్ శుభ్రం చేయాలి. పైన ఉన్న నట్టు తీస్తే నల్లటి కాయిల్ చేతికొస్తుంది. ఆ కింద ఇత్తడి కాండాన్ని పానాతో తిప్పితే, ఇదిగో, ఈ చిటికెనవేలంత పిస్టన్, దాని స్ప్రింగు. రెండు కొసలా చిన్న రబ్బరు బొత్తాలు చూడండి. ఈ బొత్తం మీద గుండ్రటి గాటు పడి ఉంది, కనబడుతోందా? ఇంకా లోతుగా పడితే నీళ్లు కారతాయి, అప్పుడు పిస్టన్ మార్చాలి. ప్రస్తుతానికి పనికొస్తుంది. పిన్నీసు మొన పట్టేంత రంధ్రం ఒకటి కింద ఉంది. సున్నం పెళుసు ఒక్కటి చాలు దాన్ని మూసేయడానికి. నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట నానేసి, మెత్తటి బ్రష్‌తో తోమి, ఊది చూడండి. సూది పెట్టి పొడవద్దు. ఇత్తడి మెత్తన, అంచు గీసుకుపోతే వాల్వ్ ఇక మూసుకోదు.

ఇక వేడెక్కకపోవడం. బాయిలర్ ఒంటి మీద మూడు కాపలాదార్లు ఉన్నారు: కాఫీ థర్మోస్టాట్ 107 డిగ్రీలు, స్టీమ్ థర్మోస్టాట్ 145, ఆ పైన థర్మల్ ఫ్యూజ్ 184. ఈ 107 అనేది బాయిలర్ బయటి గోడ వేడి. లోపలి నీళ్లు అంతకంటే తక్కువ వేడిగా ఉంటాయి, కంగారుపడకండి. మెషిన్ చల్లగా ఉన్నప్పుడు మూడూ మీటర్‌లో దాదాపు సున్నా ఓమ్స్ చూపించాలి. కొలిచేముందు ఒక కొస వైరు పీకండి, లేకపోతే వేరే దారిలో తిరిగొచ్చిన రీడింగు చూసి మోసపోతారు. ఫ్యూజ్ తెగి ఉంటే ఊరికే తెగదు: ట్యాంకు ఖాళీగా ఉండగా స్టీమ్ స్విచ్ వేసి వదిలేశారు, లేదా స్టీమ్ థర్మోస్టాట్ లోపల అతుక్కుపోయి ఆపడం మానేసింది. కారణం చూడకుండా ఫ్యూజ్ మాత్రం మారిస్తే వారం తిరక్కుండా మళ్లీ అదే పని. దాన్ని సోల్డర్ చేయొద్దు, సోల్డర్ వేడికే తెగిపోతుంది. లగ్గుతో, అంటే వైరు కొసకి తొడిగే లోహపు ముక్కతో, నొక్కి బిగించాలి. ఫ్యూజ్ తీసేసి వైరు నేరుగా కలిపేయడం కొందరు మెకానిక్కులు చేసే పని. అలా చేసిన మెషిన్ మీ ఇంటికొస్తే ముందు ఆ వైరు పీకేయండి.

హీటర్ బాగుందో లేదో లెక్కతో తేల్చొచ్చు. వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగించండి. 1,400 వాట్ల హీటర్ అయితే 230 వర్గం, అంటే 52,900ని 1,400తో భాగిస్తే సుమారు 38 ఓమ్స్. మీటర్‌లో దానికి దగ్గరగా వస్తే మంచిదే, అనంతం చూపిస్తే తెగింది. వేరే చిక్కు ఒకటుంది. హీటర్ తెగదు, కానీ మెషిన్ పెట్టిన రెండు నిమిషాలకి ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోతుంది. అంటే కరెంటు ఎర్త్‌కి కారుతోంది. మామూలు మీటర్ ఆ లీకేజీని పట్టుకోలేకపోవచ్చు, ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ కావాలి. అంతకంటే ముందు బాయిలర్ రెండు సగాలు కలిసే అతుకు దగ్గర తెల్లటి చార ఉందేమో టార్చితో చూడండి. మధ్యలో రబ్బరు రింగు చచ్చిపోయి, నీళ్లు కారి, టెర్మినల్ మీద పడుతూ ఉంటాయి. అప్పుడు మార్చాల్సింది హీటర్ కాదు, రింగు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు.

ఇప్పుడు చేతులతో ఒక పని చేసి చూపిస్తాను, గాస్కెట్ మార్చడం, అంటే పిడి దగ్గర నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు మార్చడం. రిపేర్లలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఇదే. పిడి బిగిస్తే 6 గంటల ముల్లు దగ్గర ఆగాలి. అది దాటి 5 దాకా వెళ్తోందంటే, లేదా కప్పులో పడాల్సిన కాఫీ అంచుల నుంచి కారుతోందంటే గాస్కెట్ గట్టిపడింది. మెషిన్‌ని వెల్లకిలా పడుకోబెట్టాను, ట్యాంకు ఖాళీ. నడుమ ఉన్న స్క్రూ తీస్తే జల్లెడ పళ్లెం వస్తుంది. దాని పైన మందపాటి పళ్లెం, రెండు అలెన్ బోల్టులు. చూడండి ఈ నల్లటి మడ్డి, పాత కాఫీ నూనె. ఆ చుట్టూ గాడిలో ఉన్నది గాస్కెట్. గోరుతో నొక్కితే దిగాలి, ఇది రాయిలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో కెలికితే ముక్కలుగా విరిగి గాడిలో ఉండిపోతుంది. కాబట్టి రబ్బరులోకి ఒక చెక్క స్క్రూ సగం దాకా ఎక్కించాలి. ఎదురుగా ఇంకొకటి. ఇప్పుడు ప్లయర్‌తో స్క్రూ తల పట్టుకుని ఇటు కాస్త, అటు కాస్త లాగాలి. (గాస్కెట్ ఊడివచ్చింది.) చూశారా, బయటికొచ్చాక చేత్తో వంచితే బిస్కెట్టులా విరిగింది. గాడిని బ్రష్‌తో తోమి, మసి లేకుండా తుడవాలి. కింద పొడి ఉండిపోతే కొత్తది వంకరగా కూర్చుంటుంది. కొత్తదాని చదును వైపు కిందికి, అంటే పిడి వైపు రావాలి. గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే మెత్తబడి వేళ్లతోనే ఎక్కుతుంది.

కొలత రాసుకోండి: బయట 73, లోపల 57, మందం 8.5 మి.మీ. ఫాయెమా 1961లో తెచ్చిన ఈ61 గ్రూప్ ఉంది కదా, ఇప్పటికీ పెద్ద మెషిన్లలో వాడుతున్నారు, దానికీ 73, 57 గాస్కెట్లే. కానీ మందం 8 నుంచి 9 దాకా రకరకాలుగా దొరుకుతుంది. సన్నది వేస్తే కారుతుంది, మందంది వేస్తే పిడి తిరగదు. దొరికితే నల్ల రబ్బరు కంటే సిలికాన్ తీసుకోండి, వేడికి అంత త్వరగా గట్టిపడదు. పొడి పోసే 58 మి.మీ. బాస్కెట్ గాజియాకీ, రాన్సిలియో సిల్వియా మెషిన్‌కీ, ఈ61కీ ఇటుదటు మార్చుకోవచ్చు. పిడి మాత్రం కుదరదు, దాని రెక్కలు వేరు.

ఇక్కడ ఒకాయన సున్నం గురించి అడుగుతున్నారు. హైదరాబాద్‌లో మంజీర, కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లకీ, బోరు నీళ్ల ఇళ్లకీ భూమ్యాకాశాల తేడా. బోరు నీళ్లు ఇందులో పోస్తే మూడు నెలల్లో వాల్వ్ మూసుకుపోతుంది. పోయొద్దు. లీటరు నీళ్లకి 20 గ్రాముల నిమ్మ ఉప్పు, కిరాణా షాపులో దొరికేదే. గోరువెచ్చగా ఉండగా ట్యాంకులో పోసి, 100 మి.లీ. లాగి, పావుగంట ఆగి, మళ్లీ లాగి, అలా ముప్పావు లీటరు దాకా. మరిగేంత వేడి వద్దు, అప్పుడు కాల్షియం సిట్రేట్ గట్టిపడి కొత్త పొర కడుతుంది. రాత్రంతా వదిలేయొద్దు, అల్యూమినియాన్ని ఆమ్లం తినేస్తుంది. తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లు. వెనిగర్? పనిచేస్తుంది కానీ ఆ వాసన వదిలించుకోవడం మరో పని. నిమ్మరసం వద్దే వద్దు, అందులో పిప్పి ఉంటుంది. ఏళ్ల తరబడి సున్నం తీయని మెషిన్ అయితే ఆమ్లం పోయకండి. పెళ్లలు ఊడి వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. బాయిలర్ విప్పి చేత్తో గీకడమే మంచిది.

ఇంకో మాట, ఇది మన దగ్గరే ఎక్కువ. ఫిల్టర్ కాఫీ పొడి ఇందులో వేయకండి, చికోరీ కలిసిన పొడి అసలే వద్దు. తడి తగలగానే చికోరీ జిగురుగా మారి జల్లెడని మూసేస్తుంది, అది వాల్వ్ దాకా పాకుతుంది. త్రీ-వే వాల్వ్, అంటే ఇందాకటి సోలెనాయిడ్‌లా ఒత్తిడిని ట్రేలోకి వదిలే వాల్వ్, ఉన్న మెషిన్ అయితే రంధ్రం లేని బాస్కెట్‌లో 3 గ్రాముల క్లీనింగ్ పొడి వేసి, 10 సెకన్లు నడిపి 10 సెకన్లు ఆపి, అయిదుసార్లు చేస్తే ఆ మడ్డి ట్రేలోకి పడుతుంది. పక్క రాష్ట్రంలోనే అరకు కాఫీ పండుతోంది, చికోరీ లేని గింజ దొరకదనలేం.

విడిభాగాల వేటలో ఎవరు ఏమి అమ్ముతారో తెలియాలి. రబ్బరు రింగులకి సికింద్రాబాద్ రాణిగంజ్. లోపలి వ్యాసం, రింగు రబ్బరు ఎంత లావో చెప్పి అడగండి. పాత రింగు సాగి నలిగి ఉంటుంది కాబట్టి దాన్ని కాదు, అది కూర్చునే గాడిని కొలవండి. అడక్కపోతే మామూలు నైట్రైల్ రింగు చేతిలో పెడతారు, ఆవిరికి అది నిలబడదు. ఆవిరిని తట్టుకునే ఈపీడీఎం రబ్బరు లేదా ఫుడ్ గ్రేడ్ సిలికాన్ అని గట్టిగా అడగండి. ఈపీడీఎంకి వాజెలిన్, గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది, సిలికాన్ గ్రీజే వాడాలి. థర్మల్ ఫ్యూజ్, 6.3 మి.మీ. లగ్గులు, ఫైబర్‌గ్లాస్ స్లీవు కోఠీ గుజరాతీ గల్లీలో. 184 దొరక్కపోతే దానికి దగ్గరలో తక్కువది తీసుకోండి, ఎక్కువది ఎప్పుడూ వద్దు. బాయిలర్ పక్కన పోయే వైరు సిలికాన్ తొడుగుదై ఉండాలి, ఇంటి వైరింగు ముక్క పనికిరాదు. పంపు, సోలెనాయిడ్, జల్లెడ కేఫేల మెషిన్లు చూసేవాళ్ల దగ్గర.

డిలాంగీ డెడికా లాంటి 51 మి.మీ. మెషిన్లది వేరే దారి. బాయిలర్ బదులు థర్మోబ్లాక్, అంటే నీళ్లు పారుతుండగానే వేడిచేసే లోహపు దిమ్మ, థర్మోస్టాట్ బదులు వేడిని కొలిచే ఎన్‌టీసీ సెన్సర్, పైన ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. అడుగున లేబుల్ మీద మోడల్ పేరుతో పాటు పది అంకెల కోడ్ ఉంటుంది. పార్టుల పటంలో వెతకాల్సింది ఆ కోడ్‌తో. మోడల్ పేరు ఒకటే అయినా తయారీ మారితే లోపలి పార్టు మారుతుంది. పంపు, గాస్కెట్, గొట్టం రింగులు మార్చుకోవడం లాభమే. థర్మోబ్లాక్, బోర్డు రెండూ పోతే నా ఓటు కొత్త మెషిన్‌కే.

అమెరికా నుంచి తెచ్చుకున్న మెషిన్ గురించి రెండు చీటీలొచ్చాయి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. 120 వోల్టులకి 1,400 వాట్లు లాగే హీటర్‌కి మన 230 ఇస్తే సుమారు 5,100 వాట్లు లాగుతుంది. ఎంసీబీ పడకపోతే ఫ్యూజ్ తెగుతుంది, ఈలోపు పంపు కాయిల్ కూడా పోవచ్చు. ప్లగ్ అడాప్టర్ పెడితే చాలనుకోవద్దు, అది కాళ్ల ఆకారం మారుస్తుంది, వోల్టేజీ మార్చదు. 2,000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, బరువైనది, లేదా హీటర్, పంపు, సోలెనాయిడ్ కాయిల్ మూడూ 230వి వేయాలి. అక్కడి చుట్టాలు వస్తుంటే గాస్కెట్లు, జల్లెడలు, బాస్కెట్లు, రబ్బరు రింగులు తెప్పించుకోండి, వాటికి వోల్టేజీతో పని లేదు. కరెంటు పార్టులు మాత్రం లండన్, దుబాయ్, సిడ్నీ, సింగపూర్ నుంచి వచ్చేవాళ్లకి చెప్పండి, అక్కడా మనలాగే 50 హెర్ట్జ్.

ఇక బిగించేద్దాం. పళ్లెం బోల్టులు, జల్లెడ స్క్రూ, బలప్రయోగం వద్దు, అల్యూమినియం మరలు తేలిగ్గా చెడతాయి. ఎర్త్ వైరు మళ్లీ చూసుకోండి. ట్యాంకు నింపి, హీటర్ వేడెక్కకముందే స్టీమ్ నాబ్ తెరిచి పంపు నడపండి, బాయిలర్ నిండాలి. గొట్టంలోంచి గాలి లేని ధార వచ్చాక నాబ్ కట్టేసి, అప్పుడు వేడెక్కనివ్వండి. మూత బిగించకుండా పది నిమిషాలు, పొడి గుడ్డ కింద పరిచి, ఎక్కడైనా చుక్క పడుతుందేమో చూడండి, చేతులు మాత్రం లోపల పెట్టకండి. కొత్త గాస్కెట్ కదా, పిడి 7 గంటల దగ్గరే ఆగిపోతుంది. బలవంతంగా 6 దాకా తిప్పొద్దు. రెండు వారాలు వాడాక అదే వస్తుంది.